టబ్బు ఎవరిదో రాయలేదు

గోదావరిఖని,
8 జూన్ 2008

మామకు,

నీ ఉత్తరం అంది నాలుగు రోజులైంది. రెండు పేజీల ఉత్తరంలో ఒకటిన్నర పేజీ, పోయినసారి ఉత్తరాల్లో ఆడిన పేకాటలో నేను రాణిని ఎందుకు ఉంచుకున్నానన్న తిట్లే. ఒప్పుకుంటున్నాను, రాణిని వదిలెయ్యాల్సింది. ఇంక ఆ సంగతి మానెయ్.

ఇక్కడ అంతా ఎప్పటిలాగే ఉంది. మధ్యాహ్నం మూడింటికి ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగు, సజ్జ మీద గిన్నెలు గజగజలాడటం, ఆరేసిన బట్టలు మళ్ళీ ఉతకాల్సి రావడం. నువ్వు పక్క క్వార్టర్లో ఉన్న రోజుల్లో గిన్నెల చప్పుడు నీకు వినపడదు కాబట్టి నా మొహం చూసి బ్లాస్టింగు అయిందని తెలుసుకునేవాడివి. ఇప్పుడు ఆ క్వార్టర్లో సదయ్య వాళ్ళు దిగారు. వాళ్ళకు చెవులు బాగానే ఉన్నాయి, అయినా నీకంటే గట్టిగా మాట్లాడతారు.

బడిలో నాతోపాటు పాఠాలు చెప్పే విద్యకు మన ఆట నేర్పుదామని కూర్చున్నాను. వాళ్ళ నాన్న ఇంజినీరు, భీమవరం వాళ్ళు. రమ్మీ బాగా ఆడుతుంది కాబట్టి ఇదీ వస్తుందనుకున్నాను. పుస్తకాల్లో దీని పేరు క్రిబ్బేజ్, మా ఇంట్లో కిర్‌బేజి అని మొదలుపెట్టాను. మనిషికి ఆరు ముక్కలు, నాలుగు ఉంచుకుని రెండు తీసెయ్యాలి. కలిపితే పదిహేనైతే రెండు పాయింట్లు, జతకు రెండు, వరుసకు ఎన్ని ముక్కలుంటే అన్ని. రాజు, రాణి, గులాం అన్నీ పదే కాబట్టి ఐదు దొరికితే బంగారం. ఇంతవరకు బాగానే విన్నది. తీసేసిన ముక్కలు ఏమౌతాయని అడిగింది. ఇద్దరివీ కలిపి నాలుగూ టబ్బులో పడతాయి, ఆ టబ్బు ఒకసారి నీది, ఒకసారి ఎదుటివాళ్ళది, ఎవరిదైతే ఆ పాయింట్లు వాళ్ళకు అన్నాను. "అంటే నేను పారేసినవాటితో అవతలివాళ్ళు గెలుస్తారా? ఇదేం ఆట మమతా," అని ముక్కలు బల్లమీద పెట్టేసింది. వెనకటికి గనిలో బొగ్గు నింపే ఫిల్లర్లు పట్టాల మీది టబ్బుకు తమ బిళ్ళ తగిలించేవాళ్ళని, బిళ్ళ ఎవరిదైతే టబ్బు వాళ్ళదని, అందుకే నువ్వు ఆ పేరు పెట్టావని చెప్పబోయి మానేశాను. ఆఫీసర్ల క్లబ్బులో నీళ్ళందించే కుర్రవాడిగా ఉన్నప్పుడు నీకు సర్వే సాబ్ నేర్పిన ఆట వాళ్ళ నాన్నకు రాదన్న సంగతి కూడా చెప్పలేదు.

ఇక అసలు సంగతి. నాకు హైదరాబాద్‌లో ఎం.ఎస్సీ. జియాలజీ సీటు వచ్చింది. జూలై ముప్పై ఒకటిలోపు వెళ్ళి చేరాలి. ఇంట్లో చెప్పిన రోజే బాపు దగ్గు ఆగక డ్యూటీ మధ్యలో గనిలోంచి పైకి వచ్చేశాడు. బొగ్గు మోసే బెల్టు దగ్గర పని కూడా ఇక వద్దన్నాడు డాక్టరు. రిటైరు కావడానికి ఇంకా నాలుగేళ్ళుంది. మెడికల్ అన్‌ఫిట్ పెట్టుకోవాలా వద్దా అని ఇంట్లో రోజూ అదే చర్చ. ఆ చర్చలో నా సీటును ఎవరూ వద్దనరు, సరేననరు, అసలు అటు చూడరు. నీకు ఫోన్ చేసి చెప్పుకునే దారి లేదు. అందుకే రాసి అడుగుతున్నాను. వెళ్ళాలా, ఉండాలా? సూటిగా రాయి.

రోజూ పోస్ట్‌మన్‌కు ఎదురెళ్ళే
మమత


మనుగూరు,
17 జూన్ 2008

కోడలా మమతా,

నీ ఉత్తరం రెండు మాట్ల చదివిన. పోశం బావ దగ్గు సంగతి మనసుల పెట్టుకున్న. బీడీలు బంద్ చెయ్యమను, నేను చెప్పిన్నని చెప్పు, ఇనడు, అయినా చెప్పు.

ఈడ భూపాల్ ఎప్పటి లెక్కనే ఉన్నడు. కాంట్రాక్టరు తాన లారీ తోలుడు, ఆ పని ఎప్పుడు ఉంటదో ఎప్పుడు ఊడుతదో తెల్వదు. ఇంట్ల ఉంటే నాతోని పలక మీద రాసి మాట్లాడుతడు. రాసేది దినాం రెండే మాటలు, "తిన్నవా", "పోతున్న". తండ్రీకొడుకులం గిట్ల బతుకుతున్నం.

విద్య పిల్ల మంచిగనే అడిగింది. నువ్వు గన్నేండ్లు ఆడి గూడ ఆ మాట అడగలే. సర్వే సాబ్ నాకు మొదటి దినమే చెప్పిండు, పత్తా తీసి ఏసేముందు టబ్బు ఎవరిదని అడగాలె, చేతిల ఏమున్నయో చూసుకునుడు తర్వాత. నీకు ఎప్పుడైనా నీ చేతిల ఉన్నవే కనవడ్తయి.

సీటు సంగతి పెద్దది. పెద్దవాటికి జల్దిజల్ది జవాబు రాయొద్దు. అందాక ఇది చూడు. ఆరు పత్తాలు. ఐదులు రెండు, ఆరు, ఏడు, ఎనిమిది, తొమ్మిది. ఏ నాలుగు ఉంచుతవు, ఏ రెండు ఏస్తవు? మీ అమ్మకు వేరే కవరు పెట్టిన, ఇయ్యి.

మీ మామ
రాజం


గోదావరిఖని,
25 జూన్ 2008

మామకు,

పోనీలే అనుకుందామని మూడు రోజులు చూశాను, కుదరలేదు. నేను నా బతుకు సంగతి అడిగితే నువ్వు ఆరు పత్తాలు పంపావు. వేరే ఎవరైనా అయితే ఆ కాగితం చింపేసేదాన్ని.

సరే, ముందు నీ లెక్కకే జవాబు. ఆరు, ఏడు, ఎనిమిది, తొమ్మిది ఉంచితే వరుసకు నాలుగు. ఆరూ తొమ్మిదీ పదిహేను, ఏడూ ఎనిమిదీ పదిహేను. మొత్తం ఎనిమిది పాయింట్లు. అలాకాక రెండు ఐదులూ ఆరూ ఏడూ ఉంచితే జతకు రెండు, మూడేసి ముక్కల వరుసలు రెండు. అదీ ఎనిమిదే. చేతిలో ఎటు చూసినా ఎనిమిదే అయితే తేడా అంతా టబ్బులోనే ఉంది. అది ఎవరిదో నువ్వు రాయలేదు. నన్ను వెయ్యమన్నావు కాబట్టి నాదే అనుకున్నాను. ఐదులు రెండూ అందులో వేశాను. అయిందా?

ఇప్పుడు నేను చెప్పేది చదువు. బాపు బస్సు దిగి క్వార్టరుకు వచ్చే దారిలో రెండుచోట్ల ఆగుతున్నాడు. ఒకటి ఆగయ్య సైకిల్ దుకాణం, రెండోది మన లైను మొదట్లో ఉన్న కరెంటు స్తంభం. ఆగయ్యతో మాట్లాడటానికి ఆగాడని మేము అనుకోవాలి. స్తంభంతో ఏం మాట్లాడతాడో మేము అడగకూడదు. ఇంటికొచ్చాక అమ్మ అడిగితే ఎండ అంటాడు. వాన పడుతున్న రోజు కూడా ఎండ అన్నాడు.

అన్‌ఫిట్ అయితే నౌకరి కొడుకుకు వస్తుంది, కొడుకు లేకపోతే అల్లుడికి వస్తుంది అంటున్నారు. ఆడపిల్లను గనిలోకి దింపరు. ఈ ఇంట్లో ఉన్నది నేనొక్కదాన్ని. ఎవరికీ రాకుండా నౌకరి పోగొట్టుకోనంటాడు బాపు. "తీసుకునెటోడు ఉంటే రేపే ఇడిచిపెడ్త," అని అమ్మతో అంటుంటే విన్నాను. అంటే నాకు పెళ్ళైతే బాపు పైకి వస్తాడు. నేను చదువుకు పోతే ఇంకా నాలుగేళ్ళు కిందికి దిగుతాడు. ఇంత సూటిగా ఎవరూ అనరు, నేనే అనుకోవాలి. అమ్మ మాత్రం మంచి సంబంధం ఒకటి ఉందంటుంది. ఎవరని అడిగితే బెండకాయలు ముందేసుకుని తరగడం మొదలుపెడుతుంది. ఎవరైతే నాకేం అని నేనూ రెండోసారి అడగలేదు.

విద్యను అడిగితే వెళ్ళిపో అంటుంది. ఆమెకు చెప్పడం తేలిక, వాళ్ళ నాన్న దగ్గడు. పక్కింటి అనసూర్యను అడిగితే పెళ్ళి అంటుంది, ఆమెకు భోజనాలంటే ఇష్టం. ఈ సంగతిలో తనకు ఒరిగేదేమీ లేని మనిషివి నువ్వొక్కడివే. అందుకే నిన్ను అడుగుతున్నాను. ఈసారి పత్తాలు పంపకు.

మమత


మనుగూరు,
4 జూలై 2008

కోడలా,

పత్తాలు పంపొద్దన్నవు, పంపుత లేను. ఉన్నవాటితోనే చెప్త.

ఐదులు రెండు ఏసింది మంచిగనే ఉన్నది. చేతిల నాలుగు వరుస మీద ఉన్నయి, వాటిని ఇడదియ్యొద్దు. ఐదు చూసుటానికి ఎంత మంచిగున్నా దానికోసమని వరుస చెడగొట్టుకోవద్దు. నీ సంగతి గూడ గంతే అనుకో. ఇల్లు, బావ పాణం, మీ అమ్మ, నౌకరి, ఈ నాలుగు ఒకదాని పక్కన ఒకటి ఉన్నయి. ఇగ హైదరాబాద్, సీటు, ఈ రెండు ఏసెయ్. ఏసినవి యాడికి పోవు, టబ్బుల ఉంటయి. పెండ్లి అయినంక ఇంటికాడ ఉండి పరీక్షలు రాసెటోళ్ళు లేరా.

నీ మీద నాకు ఎంత పాయిరమో నీకెరుకే. చెడు చెప్పను. ఫికర్ చెయ్యకు.

మీ మామ
రాజం


మనుగూరు,
14 జూలై 2008
(కార్డు)

కోడలా, మీ అమ్మ ఉత్తరం అందింది. నువ్వు ఒప్పుకున్నవని రాసింది, మస్తు సంబురమైంది. భూపాల్ ఇరవై ఆరు నాడు అటు వస్తడు. నౌకరి కోసం పది పాసైన కాగితాల మీద గెజిటెడ్ సంతకాలు కావాల్నట. వానికి అక్కడి ఆఫీసులు తెల్వవు, నువ్వు జర తోడు పోయి పెట్టియ్యి. ఈడ మంచి టేకు ముక్క దొరికింది, మన ఆట పాయింట్లు లెక్కవెట్టే కొత్త బోర్డుకు తూట్లు ఏస్తున్న. ఇగ నువ్వు మా ఇంటికొచ్చినంక ఉత్తరాలల్ల ఆడుడు బంద్. ఎదురుంగ కూసోని ఆడొచ్చు. రాజం.


గోదావరిఖని,
19 జూలై 2008

మామకు,

నీ కార్డు ముందు పోస్ట్‌మన్ చదివాడు. తర్వాత గేటు దగ్గర అందుకున్న అనసూర్య చదివింది. మూడోదాన్ని నేను. "ఇంటి పిల్లగాడే కదనే, తెలిసినోడు," అని ఆమె నాకంటే ముందే సంతోషపడింది. నేను అక్కడే నిలబడి రెండోసారి చదివాను, భూపాల్ బావ పేరు తప్పు చదివానేమోనని.

నేను ఒప్పుకున్న మాట నిజం. నీ నాలుగో తారీకు ఉత్తరం చదివి, సీటు వదిలేస్తున్నానని అమ్మకు చెప్పింది నేనే. ఆ సంబంధం ఎవరిదో కూడా తెలుసుకోకుండా, సరే కానియ్యమన్నదీ నేనే. చేరే కాగితాలు ట్రంకుపెట్టె అడుగున పెట్టేశాను. బాపు ఆ రోజు స్తంభం దగ్గర ఆగలేదని కూడా నాకు అనిపించింది. అంత బాగా నమ్మాను.

ఇప్పుడు అమ్మను అడిగితే "మీ మామ రాయలేదా" అంది. "అన్నే రాస్తనన్నడు," అంటుంది. నువ్వేమో అమ్మ చెప్పి ఉంటుందని అనుకున్నావేమో. మీరిద్దరూ ఒకరి మీద ఒకరు పెట్టుకుని నన్ను మధ్యలో వదిలేశారు. చిన్నప్పటి నుంచి నువ్వు కోడలా అంటుంటే మేనకోడలిని ఎవరైనా అలాగే అంటారనుకున్నాను.

భూపాల్ బావ మీద నాకేమీ లేదు. నాకు సైకిల్ నేర్పిన మనిషి, పడితే నవ్వని మనిషి. నీ కొడుకు కోసమని చెప్పి అడిగి ఉంటే కాదనేదాన్నో ఔననేదాన్నో నాకే తెలియదు. అది తెలుసుకునే వీలు కూడా నాకు ఉంచలేదు నువ్వు. ఒరిగేదేమీ లేని మనిషివని నేను రాశాను. ఆ వాక్యం చదివి కూడా, అదేమీ చదవనట్టు ఐదులు ఏసెయ్యమని రాశావు.

నువ్వు నేర్పిందే అడుగుతున్నాను. జూన్ పదిహేడున నాకు ఆరు పత్తాలు పంపావు. ఆ టబ్బు ఎవరిది?

సంతకాలకు నేను తోడు రాను.

మమత


మనుగూరు,
23 జూలై 2008

మమతకు,

పైన కోడలా అని రాసి ఆ కాగితం పక్కన పడేసిన. ఇది రెండో కాగితం.

ఆ టబ్బు నాది. పత్తాలు రాసేనాడే నాది.

మొదట నీకు ఎరుకే అనుకున్న. మీ అమ్మ సారవ్వ చెప్పి ఉంటదని. నీకు ఏమి ఎరుక లేదని, నువ్వు "ఒరిగేదేమీ లేని మనిషివి" అని రాసిన నాడు సమజైంది. ఆ ఉత్తరం మూడు దినాలు అంగి జేబుల పెట్టుకొని తిరిగిన. అంగి ఉతుకుడుకు ఏసే ముందు తీసి జవాబు రాసిన. ఏం రాసిన్నో నీకెరుకే. టబ్బు నాదని తెలిస్తే నువ్వు ఐదులు ఎయ్యవు. గందుకే రాయలే.

భూపాల్‌కు ఇరవై ఏడేండ్లు. వాడు పని చేసేకాడ పోయిన నెల ఇద్దరిని తీసేసిండ్రు. నౌకరి అంటే ఏందో ఆ బొగ్గుబాయిల కాడ పుట్టినదానివి, నీకు చెప్పాల్నా. ఇది సాకు అని రాస్తలేను, ఉన్నది రాస్తున్న.

నీ ఉత్తరం వచ్చినంక వానికి పలక మీద అన్ని రాసి చూపెట్టిన. పలక రెండు దిక్కుల నిండింది. మొత్తం చదివి తుడిచిండు. తుడిచి ఒక్కటే రాసిండు, "పిల్లను అడిగినవా?" లేదని తల ఊపిన. పలక గోడకు పెట్టి చెప్పులేసుకొని పోయిండు. నిన్నటి సంది "తిన్నవా" అని గూడ రాస్తలేడు. ఇరవై ఆరుకు అటు రాడు.

సర్వే సాబ్ నేను ఐదు ఎయ్యబోతే ఎన్నడు సప్పుడు చెయ్యకుంట ఊకోలే. వేలు పెట్టి చూపెడ్తుండె, చూసుకో, టబ్బు నాది అని. గెలవాలని ఆయనకు గూడ ఉండె. అయినా చెప్తుండె. నేను చెప్పలే.

ముప్పై ఒకటి ఇంకా రాలే. ఐదులు వాపస్ తీసుకో, పో. బావకు వేరే కవరు పెట్టిన. బోర్డు పని ఆపిన, సగమే తూట్లు పడ్డయి.

రాజం


గోదావరిఖని,
29 జూలై 2008

మామకు,

నీ ఉత్తరం నిన్న అందింది. కోపం తగ్గిందని రాయను, తగ్గలేదు. వాపస్ తీసుకో అని రాయడం నీకు తేలిక. టబ్బులో పడ్డ ముక్కను మళ్ళీ ముట్టుకుంటే నా చేతిమీద కొట్టినవాడివి నువ్వే. పైగా నేను ఐదులు తీసుకుంటే బాపు నాలుగేళ్ళు బెల్టు దగ్గరికి పోతాడు. నీ మీద కోపం తెచ్చుకున్నంత మాత్రాన అది మారదు. ఆ సంగతే నన్ను ఎక్కువ విసిగిస్తోంది. నువ్వు మోసం చేశావని తేలాక కూడా నువ్వు చెప్పిన లెక్క సగం నిజంగానే మిగిలింది.

బాపు నీ కవరు విప్పాడు, చదివాడు, మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

ఇవాళ ఫస్టు షిఫ్టు నుంచి వచ్చి, స్నానం చేసి, చాయ్ తాగి వరండాలో మంచం మీద కూర్చున్నాడు. నేను గచ్చు మీద ఆ ఆరు ముక్కలే ముందేసుకుని కూర్చుని ఉన్నాను. ఐదులు రెండు, ఆరు, ఏడు, ఎనిమిది, తొమ్మిది. వారం రోజులుగా వాటిని తీసి పెట్టడం, మళ్ళీ కలిపెయ్యడం, ఇదే పని. బాపు పత్తాలు ముట్టుకోగా నేనెప్పుడూ చూడలేదు. మనం ఆడుతున్నంతసేపూ గోడవైపు తిరిగి పడుకునేవాడు. అలాంటివాడు "ఇటు తే" అని చెయ్యి చాపాడు.

ఇచ్చాను. నాలుగు ఉంచుకుని రెండు వెయ్యాలి అన్నాను. "ఎరుకే," అన్నాడు. ముక్కలు ఎత్తిపట్టుకునే తీరు రాలేదు, చీపురుపుల్లల్లా గుప్పిట్లో పట్టుకున్నాడు. ఎంతసేపో చూశాడు. ఏసేముందు టబ్బు ఎవరిదని అడగాలె బాపూ, అన్నాను.

"ఎవరిదైతేంది, నిండితే సాలు," అన్నాడు.

రెండు ఐదులూ తీసి నా ముందు పెట్టాడు.

ఆటలో తప్పు దిద్దినట్టే దిద్దబోయాను. పంచింది నేను, టబ్బు నాది, ఐదులు ఎదుటివాళ్ళకు ఎయ్యొద్దు, వాపస్ తీసుకో అన్నాను. బాపు నవ్వాడు. ఆ నవ్వు దగ్గయింది, దగ్గు తగ్గేదాకా ఇద్దరం ఆగాం. తర్వాత అన్నాడు, "మీ మామ చెవిటోడు. పదేండ్లు ఇదే వరండల కూసోని ఐదు ఎయ్యకు, ఐదు ఎయ్యకు అని ఒర్లిండు. ఈ లైనుల కోళ్ళకు గూడ తెలుసు ఐదు ఎయ్యొద్దని. నాకు తెల్వదా?"

నేను పోట్లాడాను, మామా. నౌకరి పోతే పోనీ, ఎవరికీ రాకపోయినా సరే, అన్‌ఫిట్ పెట్టుకో అన్నాను. చదువైపోయాక నేను చూసుకుంటానన్నాను. వంటింట్లోంచి అమ్మ కూడా నా వైపే మాట్లాడింది, ఈ ఇంట్లో అది మొదటిసారి. ఆయన వినలేదు. ఇరవై ఏండ్లు టబ్బులు నింపిన, ఇంకొకటి నింపుతే ఏమైతది అన్నాడు. నేను ఎంత గట్టిగా చెప్తే అంత నెమ్మదిగా అదే మాట అన్నాడు. చివరికి మిగిలిన నాలుగు ముక్కలూ మంచం మీద బోర్లించి, ట్రంకుపెట్టె దించడానికి సుతిలి తాడు ఎక్కడుందని అమ్మను అడిగాడు.

రేపు పొద్దున రామగుండంలో బండి ఎక్కుతున్నాను. సంతోషంగా వెళ్తున్నానని అనుకోకు. గెలిచినట్టు కూడా అనుకోకు. సాయంత్రం బాపుతో కలిసి ఆగయ్య దుకాణం దాకా వెళ్ళి వచ్చాను. తిరిగి వచ్చేటప్పుడు స్తంభం దగ్గర ఆయన ఆగితే నేనూ ఆగాను. ఎండ అనలేదు.

భూపాల్ బావకు పలక మీద రాయి, పిల్లను ఇప్పటిదాకా ఎవరూ అడగలేదని. అడగాలనుకుంటే రెండేళ్ళాగి తనే అడగాలి, జవాబు ఏమౌతుందో ముందే చెప్పను. నువ్వు ఆ బోర్డుకు మిగతా తూట్లు వెయ్యి. నీతో ఎప్పుడు ఆడతానో మాత్రం అడగకు.

ఇస్పేటు ఐదు, ఆటీను ఐదు నా పుస్తకంలో పెట్టుకున్నాను. ఇంట్లో కట్టకు యాభై ముక్కలే మిగిలాయి. ఎవరిదైతేంది అని బాపు అన్నది అబద్ధం. నువ్వు ఎవరిదో రాయకుండా నాతో వేయించావు. ఆయన ఎవరిదో చూసుకుని మరీ వేశాడు.

ఆ టబ్బు నాది.

మమత